దయమ్మ ప్రాణం ఇవ్వలేదు

మనోజకు కోపం వస్తే గొంతు పెరగదు, కుట్టుమిషన్ చప్పుడు పెరుగుతుంది. కృష్ణానగర్‌లో సినిమాలకు బట్టలు కుట్టే ఆ మేడమీది గదిలో పనిచేసే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మిషన్ అలా పరుగందుకుందంటే ఆమె దగ్గరికి ఎవరూ పోరు. బొత్తాలు కావాలన్నా, టేపు కావాలన్నా కాసేపు ఆగుతారు. పోయిన వేసవి నుంచి ఆ మిషన్ నెమ్మదిగా తిరిగిన రోజులు చాలా తక్కువ.

పోయిన వేసవిలోనే దయమ్మ పోయింది.

దయమ్మ మనిషి కాదు, కుక్క. లేత గోధుమ రంగు లాబ్రడార్. కాగితాల మీద దాని పేరు డయానా. మనోజ భర్త కమలాకర్ ‘అభయ’ అనే సహాయ దళంలో పనిచేసేవాడు. ఎక్కడైనా ఇల్లు కూలినా, గోడ పడినా, ఆ మట్టికింద చిక్కుకున్న మనుషులను వాసన పట్టి కనిపెట్టేలా కుక్కలకు నేర్పడం, పిలుపు రాగానే తీసుకుపోవడం ఆ దళం పని. మిలిటరీలో కుక్కల విభాగంలో చేసి రిటైరైన సుబ్బరామయ్య దాన్ని పెట్టాడు. కమలాకర్ చేతికి ఆయన ఇచ్చిన మొదటి కూన డయానా. కూనలు పెట్టడానికి అప్పటికింకా దళానికి చోటు లేదు. అందుకని ఫిల్మ్‌నగర్ బస్తీలో, కొండరాళ్ళ మధ్య మెట్లెక్కి పోయే తన రెండు గదుల ఇంటికే దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

అతని తల్లి బుచ్చమ్మ ఆ పేరు రెండుసార్లు పలికి చూసి వదిలేసింది.

“గిదేం పేరురా, నోట్లె తిరుగుతలేదు. నేనైతే దయమ్మ అంటా” అంది. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ దయమ్మే అయింది.

మనోజకు మాత్రం మొదట్లో అది గిట్టలేదు. “ఉన్నయే రెండర్రలు. నేను తెచ్చుకున్న బట్టల మీద బొచ్చు పడితే రేపు కంపెనీవాళ్ళకు నువ్వు జవాబిస్తవా?” అని మొగుడి మీద లేచింది. కుక్కను గడప అవతలే కట్టమంది. కట్టిన కుక్క రాత్రంతా ఏడుస్తుంటే బస్తీవాళ్ళు తిడతారని తానే లేచి లోపలికి తెచ్చింది. అది వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకుంది. అంతే, మళ్ళీ ఎప్పుడూ బయట పడుకోలేదు.

దయమ్మకు విద్య నేర్పింది కమలాకర్ అని అందరూ అంటారు. సగం నిజం. మిగతా సగం మనోజ. మట్టికింద మనిషిని వెతికే కుక్కకు ఆ పని పనిలా తెలియకూడదు, ఆటలా తెలియాలి. దాక్కున్న మనిషి దొరికితే అంతకంటే పెద్ద సంబరం లోకంలో లేదని దానికి కూనప్పుడే అనిపించాలి. ఆ దాక్కునే మనిషి దానికి ప్రాణమైన మనిషైతే మరీ మంచిది.

“దాసుకోనీకి మనిషి గావాలె. వస్తవా?” అని కమలాకర్ అడిగాడు.

“నేనేమన్న చిన్నపిల్లనా, దాగుడుమూతలాడ?” అంటూనే వెళ్ళింది.

దాక్కోవడానికి చోటు కూడా ఆమే చూపించింది. షూటింగ్ అయిపోయాక సెట్లు పగలగొడతారు. దర్బారు స్తంభాలు, జైలు గోడలు, ఊరి ఇళ్ళ ముందరి భాగాలు అన్నీ ప్లైవుడ్డూ, పీఓపీ అనే తెల్ల ప్లాస్టరూ ముక్కలై గుట్టపడి ఉంటాయి, లారీలు వచ్చి ఎత్తుకుపోయేదాకా. సెట్ల మేస్త్రీలు మనోజకు తెలిసినవాళ్ళు. వాళ్ళనడిగి లారీ రాకముందు కాసేపు ఆ గుట్టల్లో ఆట పెట్టేవాళ్ళు. పగిలిన సింహాసనం కింద, పీఓపీ పొడి ముక్కులోకి పోతుంటే, మనోజ ముడుచుకుని పడుకునేది. బయట కమలాకర్ వెతకమని “ఢూండ్!” అని అరిచేవాడు. కాసేపటికి ప్లైవుడ్డు మీద గోళ్ళ చప్పుడు. తర్వాత సందులోంచి ముక్కుతో గట్టిగా పీల్చే శబ్దం. ఆ తర్వాత మొరుగుడు. మనోజ నవ్వుతూ బయటికి రాగానే ఇద్దరికీ ముడివేసిన గుడ్డ కోసం పెనుగులాట. రాణి చీరలు కుట్టగా మిగిలిన పట్టు పీలికలతో ఆ ముడి కూడా ఆమె చేసిందే.

ఇలా నేర్చుకున్న దయమ్మ తర్వాత నిజం గోడల మీదికి ఎక్కింది. పాతబస్తీలో వానలకు కూలిన మిద్దె కింద ఒక ముసలాయనను చూపించింది. టోలిచౌకిలో పక్కింటి ప్రహరీ విరిగి పడితే దాని కింద ఇద్దరు అన్నదమ్ములను చూపించింది. అన్నిసార్లూ అలా జరగదు. ఒక్కోసారి దొరికినవాళ్ళలో ఊపిరి ఉండదు. అలాంటి రోజు దయమ్మ ఇంటికి వచ్చి గిన్నెలో మూతి పెట్టేది కాదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మూల చేరేది.

అప్పుడు కమలాకర్ మనోజకు సైగ చేసేవాడు. ఆమె పనినుంచి వచ్చిన చీరతోనే ఇంటి వెనక బండల చాటుకు పోయి కూర్చునేది. అది వెతుక్కుంటూ వచ్చి ఆమెను పట్టుకునేది. “దొరికిన! పట్టుకున్నవే తల్లీ!” అని ఆమె అరిచేది. ఆ రోజుకు బతికిన మనిషి ఒకరైనా దొరికారని కుక్క నమ్మేది. నమ్మి అన్నం తినేది.

ఏళ్ళు గడిచాయి. దయమ్మ నడుము దెబ్బతింది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగేది. సుబ్బరామయ్య చూసి, “ఇంక చాలు కమలాకర్. దీనికి రెస్టు. నీ ఇంట్లోనే ఉండనీ” అన్నాడు. అప్పటినుంచి అది మనోజ వెంట కృష్ణానగర్ పోయేది. కటింగ్ బల్ల కింద రోజంతా నిద్ర. కొలతలివ్వడానికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పిలిస్తే కళ్ళు తెరవకుండా తోక మాత్రం నేలకేసి కొట్టేది. ఇంటికి వస్తే బుచ్చమ్మ తన మోకాళ్ళకు రాసుకునే ఆవనూనెనే దాని నడుముకూ రాసేది. “నీకూ నాకూ ఒకటే రోగమే” అనేది.

మే నెలలో ఒక పొద్దున్న జూబ్లీహిల్స్‌లో గొయ్యి అంచు కూలింది. ఒక పెద్ద బిల్డింగ్ కోసం కొండను లోతుగా తొలిచి సెల్లార్లు తవ్వుతున్నారు. ఆ గొయ్యి అంచుకే కూలీల రేకుల షెడ్లు వేశారు. పైనున్న మట్టీ బండలూ ఒక్కసారిగా జారి షెడ్ల మీద పడ్డాయి. ఫైరింజన్లు వచ్చి ఇద్దరిని బయటికి తీశాయి. ఆ ఇద్దరూ అప్పటికే చనిపోయారు. లోపల ఇంకా ఇద్దరున్నారని, ఎక్కడున్నారో తెలియడం లేదని అభయకు ఫోను పోయింది.

దళంలోని పడుచు కుక్కలు రెండూ ఆ వారం వేరే రాష్ట్రంలో శిక్షణకు వెళ్ళాయి. సుబ్బరామయ్య కమలాకర్‌కు ఫోన్ చేసి, “దయమ్మ ముక్కు ఇంకా పనిచేస్తుంది కదా! ఒక్కసారి తీసుకురావయ్యా. మనుషుల ప్రాణాలు” అన్నాడు.

ఎండ మరీ ఎక్కువగా ఉందని మనోజ ఆ రోజు కుక్కను ఇంట్లోనే వదిలి పనికి పోయింది. బుచ్చమ్మ ఫోన్ చేసింది. “బిడ్డా, దయమ్మను తోల్కపోయిండు నీ మొగడు. జూబ్లీహిల్స్‌ల గోడ కూలిందంట. అది మెట్లు దిగనీకే కుంటుకుంట దిగింది. నాకు మనసున పడ్తలేదు.”

మనోజ చేతిలోని బ్లౌజు మిషన్ మీదే వదిలి ఆటో ఎక్కింది.

ఆమె చేరేసరికి అక్కడ చప్పట్లు మోగుతున్నాయి. మట్టిలోంచి ఒక ఆడమనిషిని స్ట్రెచర్ మీద మోసుకొస్తున్నారు. బతికే ఉంది. పాలమూరు నుంచి కూలికొచ్చిన ఈదమ్మ అని పక్కనున్నవాళ్ళు చెప్పారు. దయమ్మే చూపించిందట. మనోజ పోలీసులు కట్టిన టేపు ఇవతల నిలబడి చూస్తుండగానే కుక్క రెండో చోట ఆగి, ముందు కాళ్ళతో మట్టి గీరి, మొరిగింది. అక్కడ తవ్వితే ఈదమ్మ భర్త ఆశన్న దొరికాడు. అతనూ బతికే ఉన్నాడు. ఆ చప్పట్లలో మనోజ చప్పట్లూ ఉన్నాయి. పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియనామె చెయ్యి పట్టుకుని, “గది మా కుక్కే” అని చెప్పింది. అప్పటికి ఆమెకు ఎవరి మీదా కోపం లేదు.

కమలాకర్ కుక్కను టేపు దగ్గరికి తెచ్చాడు. అక్కడొక లారీ నీడ ఉంది. మనోజ సీసాలోని నీళ్ళన్నీ దాని పొట్ట మీదా కాళ్ళ మీదా పోసింది. నాలుక బయటికి వేలాడుతోంది, మామూలు రంగులో లేదు, ముదురు ఎరుపు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

“ఇగ చాలు. ఇంటికి తోల్కపోదాం” అంది.

“ఔ. అయిపోయింది. లోపలెవ్వరు లేరు, అందరు దొరికిన్రు” అన్నాడు కమలాకర్. జేబులోంచి పట్టుగుడ్డ ముడి తీసి దాని నోటికిచ్చాడు. అది పట్టుకుంది గానీ లాగలేదు.

అప్పుడు కార్లు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి. ఒక నాయకుడు, ఆయన వెంట ఆ బిల్డింగ్ కట్టే బిల్డరూ దిగారు. వాళ్ళ వెనకే టీవీ కెమెరాలు. బిల్డర్ తరఫున సాయిశ్రీనివాస్ అనే మేనేజరు ఉరుకుతూ ఎదురెళ్ళాడు, ఇస్త్రీ చొక్కా మీద మట్టి మరక లేకుండా. అటు మాట్లాడి, పొద్దుటినుంచీ అక్కడే ఉన్న సుబ్బరామయ్య దగ్గరికి వచ్చాడు.

“సార్, మీ డాగ్ వెతుకుతున్న విజువల్ ఒక్కటీ సరిగ్గా రాలేదంటున్నారండీ మీడియావాళ్ళు. అన్నగారు కూడా చూడలేదు కదా. ఒక్కసారి అలా పైకి పంపించండి. వన్ మోర్ అంతే. రెండు నిమిషాలు.”

వన్ మోర్. మనోజ ఆ మాట రోజూ వినే మాటే. షాటు సరిగ్గా రాకపోతే మళ్ళీ చెయ్యమనడం. కానీ అక్కడ మళ్ళీ చేసేవాళ్ళకు తెలుసు, కత్తి చెక్కదని, రక్తం రంగునీళ్ళని.

సుబ్బరామయ్య కుక్కవైపు చూశాడు. తర్వాత నాయకుడివైపు చూశాడు. దళానికి కుక్కల కోసం స్థలం కావాలని ఆయన ఎప్పటినుంచో ఈ పెద్దమనుషుల చుట్టూ తిరుగుతున్నాడు. “ఒక్క రౌండ్ కమలాకర్” అన్నాడు.

“సార్, ఎండ... దానికి చాతనైతలేదు సార్.”

“ఒక్క రౌండేనయ్యా.”

“వద్దు!” అని మనోజ అరిచింది. “దాన్ని పంపకు! కమలాకర్, వద్దు!” పెళ్ళయిన తర్వాత నలుగురిలో మొగుణ్ణి పేరుపెట్టి పిలవడం అదే మొదలు. కానిస్టేబుల్ ఒకడు టేపుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. కమలాకర్ తల తిప్పి ఆమెవైపు చూశాడు. చూసి, వంగి, కుక్క మెడలోంచి గొలుసు విప్పాడు.

“ఢూండ్” అన్నాడు.

దయమ్మ లేచింది. ముడిగుడ్డ కింద పడేసి మట్టిగుట్ట ఎక్కింది.

మనిషైతే నటించి దిగి వచ్చేవాడు. దయమ్మకు నటన ఏం తెలుసు? వెతకమన్నారు కనుక లోపల ఎవరో ఉన్నారనుకుంది. ఇటు చూసింది, లేదు. అటు పోయింది, లేదు. దొరికితే మొరగాలి, మొరిగితే ఆట అయిపోతుంది. దొరకనిదే ఎలా ఆగాలో దానికి ఎవరూ నేర్పలేదు. కింద నాయకుడు బిల్డర్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కెమెరాలు తిరుగుతున్నాయి. కమలాకర్ ఒకసారి పిలిచాడు, చిన్న గొంతుతో. కెమెరామన్ ఆగమన్నట్టు చెయ్యి ఊపితే మళ్ళీ పిలవలేదు. దయమ్మ ఇంకా పైకెక్కింది. విరిగిన కాంక్రీటు మీద వెనక కాళ్ళు జారాయి. సర్దుకుని, ముక్కు నేలకు ఆనించి, ఇంకో రెండడుగులు వేసి పక్కకు ఒరిగిపోయింది.

మనోజ కానిస్టేబుల్ చెయ్యి తోసేసి ఉరికింది. చెప్పులు మట్టిలో ఉండిపోయాయి. కుక్క ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆమెను చూడడం లేదు. ఇద్దరూ కలిసి దాన్ని మోసుకుని ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరారు. దారిలోనే ఆమె ఒడిలో దాని డొక్కలు ఆగిపోయాయి.

బోరబండలో మనోజ పుట్టింటి వెనక కాస్త మట్టి జాగా ఉంది. అక్కడే పూడ్చారు. మట్టి కప్పడం అయ్యాక మనోజ చేతులు దులుపుకుని మొగుడి ముందు నిలబడింది.

“నా మాట నీకు ఇనవడ్డదా లేదా?”

కమలాకర్ పార నేలకు ఆన్చాడు. “ఇనవడ్డది” అన్నాడు.

అబద్ధం చెప్పినా బాగుండేదని తర్వాత ఆమెకు చాలాసార్లు అనిపించింది. ఆ గోలలో వినపడలేదని ఉంటే తిట్టి, ఏడ్చి, ఎప్పటికో మరిచిపోయేది. విన్నాడు. వినీ పంపాడు. ఆ రోజు నుంచి అతనికి కంచం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు. మధ్యలో బుచ్చమ్మ ఉండబట్టి ఇంట్లో ఏ కబురైనా ఆమె ద్వారా అటూ ఇటూ తిరిగేది.

టీవీల్లో వారం రోజులు దయమ్మే. ప్రాణాలు కాపాడుతూ ప్రాణం వదిలిన వీర శునకం అన్నారు. ఈదమ్మను, ఆశన్నను చూపించిన బొమ్మలు వాళ్ళ దగ్గర లేవు. ఉన్నది చివరిసారి ఎక్కించిన బొమ్మే. దానికే వెనక ఏడుపు సంగీతం పెట్టి, అది మనుషుల కోసం వెతుకుతూ పడిపోయిందని చెప్పారు. కాస్ట్యూమ్ గదిలో ఎవరో ఫోన్‌లో చూస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే మనోజ ఫోన్ లాక్కుని బల్ల మీద బోర్లించింది.

“ఏడ్వకు. గది అబద్ధం” అంది. అంతకంటే వివరంగా అప్పుడు చెప్పలేకపోయింది. పోయి మిషన్ ముందు కూర్చుంది.

కొద్ది రోజులకు బిల్డర్ జూబ్లీహిల్స్‌లోని ఒక హాల్లో సంస్మరణ సభ పెట్టాడు. కమలాకర్‌కు సన్మానం. “పోవద్దని చెప్పు అత్తమ్మా” అని మనోజ బుచ్చమ్మతో అంది. బుచ్చమ్మ చెప్పింది. సార్ పిలిచాడు, పోకుంటే బాగుండదని అతను బుచ్చమ్మకే జవాబు చెప్పాడు. “అయితే నేనూ వస్తా” అని మనోజ ఈసారి నేరుగా అతని ముఖం మీదే అంది.

హాలు గుమ్మంలో పెద్ద ఫ్లెక్సీ. నడుమ దయమ్మ. దాని తల కంటే పెద్దవిగా ఒకపక్క నాయకుడు, ఒకపక్క బిల్డర్ నవ్వుతున్నారు. మట్టికింద చనిపోయిన ఇద్దరు కూలీల పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమోనని మనోజ ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. లేవు. ఏసీ చల్లగా తగిలింది. ఆ రోజు ఆ కుక్కకు ఈ చల్లదనంలో చారెడు దొరికినా బతికేదనుకుంది.

స్టేజి మీద కమలాకర్‌కు శాలువా కప్పారు. నాయకుడు మైకు అందుకుని మూగజీవి త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. తన ప్రాణాన్ని తృణప్రాయంగా ఇచ్చేసిందని ఆయన అనగానే మనోజ కుర్చీలోంచి లేచింది. మైకు లేదు. కోపానికి ఎప్పుడూ పెరగని గొంతు ఆ రోజు పెరిగింది.

“అది ప్రాణం ఇయ్యలే సార్. మీరు తీసుకున్నరు.”

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

“దొరకవల్సినోళ్ళు ఇద్దరు దొరికిన్రు. లోపలెవ్వరు లేరని అందరికి తెల్సు. మీరు కార్లు దిగినంక, టీవీల కోసమని మళ్ళ ఎక్కిచ్చిన్రు. లేని మనిషిని ఎతకమన్నరు దాన్ని. అది నమ్మింది. ఎతికి ఎతికి సచ్చింది. త్యాగమంటే తెలిసి చేసేది. దానికేం తెల్సు?”

సాయిశ్రీనివాస్ మెట్లు దిగి వచ్చాడు. “అమ్మా, మీ బాధ అర్థమవుతుందండీ. కొంచెం కూర్చోండి, ప్లీజ్.”

“నా బాధ నీకెందుకు? ఇద్దరు మనుషులు సచ్చిన్రు గాడ. ఆ మట్టి ఎందుకు కూలిందో ఒక్కరడుగుతున్నరా? అడగకుంట నా కుక్క బొమ్మ అడ్డం పెట్టుకున్నరు!”

ఎవరో పాట పెట్టారు, పెద్ద సౌండుతో. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ మాట ఎవరికీ వినిపించలేదు. స్టేజి మీద కమలాకర్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, శాలువా అంచు చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి లేస్తాడేమోనని ఆమె చూసింది. లేవలేదు. ఆ ఎండలో నడిచి ఇంటికి పోయింది.

ఆ సభలో జరిగింది ఏ టీవీలోనూ రాలేదు. వానాకాలంలో ఫిల్మ్‌నగర్‌లో సెట్లకు బొమ్మలు చేసే కాశీవిశ్వనాథం మనోజను పిలిచాడు. ఆ బిల్డింగ్ గేటు దగ్గర పెట్టడానికి కుక్క విగ్రహం చెయ్యమన్నారట.

“నీకు చెప్పకుండా చెయ్యడం బావుండదనిపించిందమ్మాయ్. ఓసారి చూడు” అని ఫైబర్ బొమ్మ మీద కప్పిన గుడ్డ తీశాడు. చెవులు నిక్కపొడుచుకున్న, ఛాతీ విరిచిన జర్మన్ షెపర్డ్.

“ఇది మా దయమ్మనా?”

“లాబ్రడార్ అయితే వీరుడిలా ఉండదన్నారు వాళ్ళు. నేనేం చెయ్యను?”

మనోజ నవ్వింది. కాశీవిశ్వనాథం ఆ నవ్వు చూసి గుడ్డ మళ్ళీ కప్పేశాడు. “మంచిదే అయింది బాబాయ్, చేసెయ్యి” అంది ఆమె. “దాని ముఖం వాళ్ళ గేటు దగ్గర నిలవడకుంట బచాయించిన్రు.”

ఆ విగ్రహం నిలబడిన కొన్నాళ్ళకు ఈదమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చంకలో కర్ర. కుడికాలు ఇంకా నేల మీద ఆనడం లేదు. ఆ మెట్లన్నీ భర్తను పట్టుకుని ఎక్కింది. బుచ్చమ్మ చాప వేసి, కాలు చాపుకొమ్మని, చాయ్ పెట్టింది.

“గా చీకట్ల నాకు ఏం కానొస్తలేదమ్మా” అంది ఈదమ్మ. “సచ్చిననే అనుకున్న. ఎవరో పెద్దగ ఊపిరి పీల్చినట్టు ఇనవడ్డది. మనిషనుకున్న. ఇంత సందుల నుంచి ముక్కు కానొచ్చింది.”

మనోజ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పగిలిన సెట్ల కింద పడుకుని తాను ఎన్నిసార్లు విన్నదో ఆ ఊపిరి!

“అందరొచ్చి కుక్క గురించే అడుగుతున్రమ్మా” అని ఈదమ్మ నెమ్మదిగా అంది. “నీకు కోపమొస్తదేమో. మా గురించి ఎవ్వరడుగుతలేరు. ముందటి రోజే మట్టి పగుళ్ళిచ్చింది. షెడ్లు జరుపుమని మొత్తుకున్నం. జరపలే. ఇప్పుడు కేసేసినం. వానకు కూలింది, ఎవ్వరి తప్పు లేదంటున్రు. మే నెలల వానెక్కడిది? గాడ గొయ్యి లోపలికి దిగి చూసినోళ్ళు ఎవరన్న సాక్ష్యం చెప్పాలెనంట. మీ ఆయన దిగిండు గద.”

కమలాకర్ గడపలో కూర్చుని ఉన్నాడు. గొయ్యి అంచు కూలకుండా ఏ ఆధారమూ కట్టలేదని, పగుళ్ళలో చెయ్యి పట్టేంత సందుందని ఆ రోజు కుక్కను టేపు దగ్గరికి తెచ్చినప్పుడు అతనే మనోజతో అన్నాడు.

“మా సార్‌కు బిల్డర్లు జాగా ఇప్పిస్తమన్నరు” అన్నాడు. “నేను చెప్తే నన్ను దళంల ఉంచరు.”

 మనోజ లేచి అతని ఎదురుగా వచ్చింది. నెలల తర్వాత మధ్యలో బుచ్చమ్మ లేకుండా అతనితో మాట్లాడింది.

“ఈమె ఇప్పుడు మాట్లాడింది. ఇనవడ్డదా? ఈసారి గూడ ఇని గొలుసు ఇప్పుతవా?”

కమలాకర్ లేచి బయటికి పోయాడు. బండల వైపు నడుచుకుంటూ పోయి చీకటిపడేదాకా రాలేదు. వచ్చి చెప్పులు విప్పకుండానే, “ఎప్పుడు రమ్మన్నరో అడుగు వాళ్ళను” అన్నాడు.

విచారణ రోజున ఈదమ్మ, ఆశన్నలతో నలుగురూ కలిసి పోయారు. కమలాకర్ తాను చూసింది చూసినట్టు చెప్పాడు: ఆధారం లేని అంచు, పాత పగుళ్ళు, గొయ్యి అంచుకే ఆనించి వేసిన షెడ్లు. చెప్పి ఊరుకోలేదు. అడగకుండానే కుక్క సంగతి ఎత్తాడు.

“ఆ రోజు మా కుక్కను కెమెరాల కోసం ఎక్కిచ్చిన సార్. లోపలెవ్వరు లేరని తెలిసి ఎక్కిచ్చిన. నా భార్య వద్దని మొత్తుకుంది. గొలుసు ఇప్పింది నేనే.”

“కుక్క విషయం ఈ కేసుకు అవసరం లేదు” అన్నాడు ఆఫీసరు.

“నాకు అవసరం సార్” అన్నాడు కమలాకర్. 

మనోజ విన్నది. ఆ మాట ఆ హాల్లో, శాలువా కప్పుకున్న రోజున అని ఉండాల్సింది అనుకుంది. బయటికి వచ్చాక అతనితో అదే అంది. “ఔ” అన్నాడు.  ఆటోలో ఆమె అతని పక్కనే కూర్చుంది.

అనుకున్నట్టే సుబ్బరామయ్య మర్నాడు కబురంపాడు, ఇక రానక్కర్లేదని. కమలాకర్ ఇప్పుడు మణికొండలో ఊళ్ళకు పోయేవాళ్ళ కుక్కలను చూసుకునే చోట పనిచేస్తున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు కడుక్కుని బోరబండ సంగతో, పని సంగతో ఏదో ఒకటి మనోజతో చెబుతాడు. ఆమె కొన్నిటికి జవాబిస్తుంది, కొన్నిటికి ఇవ్వదు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా పడిన ప్రతిసారీ మనోజ పని మానుకుని ఈదమ్మ వెంట పోతుంది. తన పేరు ఏ కాగితంలోనూ లేదు, పోవాల్సిన అవసరమూ లేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంటుంది. సాయిశ్రీనివాస్ వచ్చినప్పుడల్లా అతని ముఖంలోకి సూటిగా చూస్తుంది. అతను ఫోన్ తీసి అందులోకి చూసుకుంటాడు. అతను తల ఎత్తేదాకా ఆమె చూపు తిప్పదు.